సైలెన్సరు నుంచి కుళ్లిన గుడ్డు వాసన: కన్వర్టరు మార్చే ముందు చూడవలసినవి

రెండేళ్ల కిందట మే నెలలో అల్లూరు నుంచి నెల్లూరుకు వస్తుండగా మా పెట్రోలు కారులో కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు ఉన్నందువల్ల వాసన వాటిదేనని అనుకుని, అద్దాలు ఎత్తుకుని సాగిపోయాను. నెల్లూరు చేరి మినీ బైపాస్‌లో ఆగినప్పుడు కూడా అదే వాసన వెంట ఉండటంతో అది గుంటలది కాదని, మా బండిదేనని తెలిసింది. మొదట చూపించిన షెడ్డులో సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు పోయిందని, కొత్తది వేయాలని చెప్పారు. రెండో చోట ఇంకొక అడుగు ముందుకు వేసి, దాన్ని కోసి తీసేసి ఆ జాగాలో ఉత్త పైపు పెడదామన్నారు. చివరకు లోపం కొన్ని వందల రూపాయల ఖరీదు చేసే ఒక ఉష్ణోగ్రత సెన్సారులో దొరికింది. కన్వర్టరుకు ఏమీ కాలేదు. ఆ రోజు ఏ వరుసలో చూసి ఉంటే తొలిరోజే లోపం దొరికేదో, ఆ వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను.

వాసన ఎలా పుడుతుంది

ఈ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. రొయ్యల సాగు చేసేవారికి దీని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మిగిలిపోయిన మేత, విసర్జకాలు గుంట అడుగున చేరి నల్లమట్టిగా మారినప్పుడు, అక్కడ ఆక్సిజన్ కరువైన చోట, బాక్టీరియా నీటిలోని సల్ఫేటును ఈ వాయువుగా మారుస్తుంది. అందుకే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను రాత్రింబవళ్లు తిప్పుతారు. కారు సైలెన్సరులో బాక్టీరియా లేదు గాని సూత్రం చాలా దగ్గరిది: ఆక్సిజన్ తక్కువైనప్పుడే అక్కడ కూడా గంధకం ఈ రూపం దాల్చుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి పరీక్షలన్నీ ఎందుకు చేస్తున్నామో అర్థమవుతుంది.

పెట్రోలులో గంధకం స్వల్పంగా ఎప్పుడూ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో ఆరోది) పెట్రోలులో కిలోకు 10 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. అంతకు ముందున్న బీఎస్-4 పెట్రోలులో ఆ పరిమితి 50 మిల్లీగ్రాములు. ఇప్పటి లెక్క ప్రకారం 40 లీటర్ల ట్యాంకు మొత్తంలో గ్రాములో మూడోవంతు గంధకం కూడా ఉండదు. అయినా మన ముక్కు ఈ వాయువును గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు కంటే తక్కువ ఉన్నా పసిగట్టగలదు కాబట్టి ఆ కొంచెమే చాలు.

ఇంజనులో పెట్రోలు మండినప్పుడు ఆ గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి కన్వర్టరులోకి వస్తుంది. కన్వర్టరు లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె, దాని గదుల గోడలకు ప్లాటినం, పెల్లాడియం, రోడియం లోహాల పూత, వాటితోపాటు ఆక్సిజన్‌ను దాచుకునే సీరియం ఆక్సైడు ఉంటాయి. గాలి సమృద్ధిగా ఉన్నంతసేపు గంధకంలో కొంత ఈ పూతపై సల్ఫేటుగా పేరుకుంటుంది. ఎప్పుడైతే ఇంజనుకు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుందో, అంటే మెకానిక్కులు చెప్పే మాటలో మిక్చరు రిచ్ అవుతుందో, అప్పుడు వేడెక్కి ఉన్న కన్వర్టరులో పేరుకున్న గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి ఒక్కసారిగా బయటకు వస్తుంది. ఏమీ కలపని పెట్రోలు అయితే బరువులో ఒక వంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి సరైన పాళ్లు. ఆ పాళ్లు తప్పుతున్నాయని ముక్కుకు తెలియజేసే గుర్తే ఈ వాసన. వాసన కన్వర్టరులో తయారవుతోందన్న మాట నిజమే, కాని అది తయారు కావడానికి కారణం చాలాసార్లు కన్వర్టరుకు ముందే ఉంటుంది. ఈ తేడా తెలియకనే వేల రూపాయలు వృథా అవుతున్నాయని నా గట్టి అభిప్రాయం.

అసలు సైలెన్సరు నుంచేనా

పరీక్షలో మొదటి పని బానెట్ ఎత్తడం కాదు, వాసన ఎక్కడిదో నిర్ధారించుకోవడం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు గుంటల పక్క రోడ్లపై వెళ్లేటప్పుడు ఏసీ బయటి గాలి తీసుకునేలా ఉంటే గుంటల వాసనే లోపలికి వస్తుంది. అందువల్ల గుంటలు, మురుగు కాలువలు లేని చోట, గాలి ఆడే మైదానంలో కారు నిలిపి, ఇంజను వేడెక్కిన తర్వాత పది నిమిషాలు నడవనిచ్చి, ఒకసారి సైలెన్సరు వెనుక రెండు మూడడుగుల దూరంలో, ఒకసారి బానెట్ దగ్గర, ఒకసారి కారు లోపల వాసన చూడాలి. పైపుకు ముఖం ఆనించవద్దు. మూసిన గ్యారేజీలో, పోర్టికోలో ఈ పని అసలే చేయవద్దు. ఆ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువసేపు పీల్చితే ముక్కు దానికి అలవాటుపడి, వాసన తగ్గినట్టు అనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో ఉన్న మరొకరిని అప్పుడే వచ్చి వాసన చూడమనడం మంచిది.

వాసన కారు ఆపేసి ఉన్నప్పుడు పోర్టికోలోనే వస్తుంటే మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు బ్యాటరీని కూడా అనుమానించండి. అది అతిగా చార్జి అయితే సరిగ్గా ఇదే వాసన వస్తుంది.

కారుకు సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్ ఉంటే అన్నిటికంటే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఆ గ్యాసులకు స్వతహాగా వాసన తక్కువ కాబట్టి, కారిపోతే తెలియడానికి గంధకం కలిసిన మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కొంచెం కలుపుతారు. దాన్ని చాలామంది కుళ్లిన గుడ్డు వాసనగానే చెప్పుకుంటారు. ఇంజను ఆపి ఉన్నప్పుడు కూడా డిక్కీ దగ్గర ఇటువంటి వాసన వస్తుంటే సిలిండరు వాల్వు కట్టేసి, తలుపులన్నీ తెరిచి, లైట్లు, సెల్ఫు ఏదీ ముట్టకుండా దూరంగా జరిగి, కిట్ బిగించే అర్హత ఉన్నవారిని పిలవాలి. అగ్గిపుల్లతో లీకేజీ వెతకడం ఊళ్లలో ఇంకా కనిపించే అలవాటు, ఆ పని మాత్రం చేయవద్దు. సబ్బునీటి నురుగు పూస్తే బుడగలే చెబుతాయి.

బ్యాటరీ

వాసన బానెట్ దగ్గర ఎక్కువగా ఉంటే మొదటి అనుమానం బ్యాటరీ మీద పెట్టాలి. బ్యాటరీలోని ఆమ్లం సల్ఫ్యూరిక్ ఆమ్లమే కనుక అతిగా చార్జి అయి మరిగినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో, బానెట్ కింద వేడి తోడై, ఈ లోపం త్వరగా బయటపడుతుంది. ముందుగా కళ్లతో చూడండి: బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయా, మూతల చుట్టూ తడి ఉందా, టెర్మినళ్లపై తెల్లని లేదా పచ్చని పొక్కు కట్టిందా, చేయి దగ్గరకు తెస్తే సెగ తగులుతోందా? ఉబ్బి, సెగ కక్కుతున్న బ్యాటరీని ముట్టుకోవద్దు, వైర్లు పీకవద్దు. ఇంజను ఆపి, చల్లారే వరకు దూరంగా ఉండాలి. దాని నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి.

ఆ ప్రమాదం లేదనుకుంటే మల్టీమీటరును డీసీ 20 వోల్టుల స్థానంలో పెట్టి కొలవాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య ఉండాలి. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉంటుంది. 15 వోల్టులు దాటి అక్కడే నిలబడితే షెడ్డుల్లో డైనమో అని పిలిచే ఆల్టర్నేటరులోని రెగ్యులేటరు చెడినట్టే. వోల్టేజి సరిగా ఉండి కూడా బ్యాటరీ మరుగుతుంటే లోపల ఒక సెల్ చచ్చిపోయి, మిగిలిన సెల్స్ మీద భారం పడుతున్నదని అర్థం. రెగ్యులేటరు చెడిన సంగతి చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా నెలల్లోనే అదే దారి పడుతుంది.

గేరు ఆయిలు గురించి ఒక మాట. మాన్యువల్ గేరుబాక్సులో, జీపుల వంటి బండ్ల వెనుక డిఫరెన్షియల్‌లో వాడే నూనెలో గంధకపు రసాయనాలు కలుపుతారు. అది కారి వేడి సైలెన్సరు పైపు మీద పడితే కొంచెం ఇటువంటి దుర్వాసనే వస్తుంది. కారు కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచితే చుక్కలు పడ్డాయో లేదో తెల్లారేసరికి తెలుస్తుంది.

ఎప్పుడు వస్తోంది

వాసన సైలెన్సరు నుంచేనని తేలిన తర్వాత ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసుకోవడం అన్ని పరికరాల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఏ సమయంలో, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, ఎంత వేగంలో, ఏ బంకులో పెట్రోలు పోయించిన తర్వాత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి అన్నవి రాయాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, నిండు బరువుతో, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు కాసేపు వాసన వచ్చి తర్వాత పోతే అది లోపం కాదు. అటువంటి సమయంలో ఇంజను కావాలనే పెట్రోలు ఎక్కువ తీసుకుంటుంది. కొత్త కారులో మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో అప్పుడప్పుడు వచ్చే వాసన కూడా ఈ కోవలోనిదే. కాని హైవే మీద సమవేగంతో వెళ్తున్నప్పుడు, టోల్‌గేటు దగ్గర ఊరికే నిలబడి ఉన్నప్పుడు, రోజూ వస్తుంటే మాత్రం వెతకాలి.

డీజిలు బండ్ల దారి వేరు. పాత డీజిలు బండ్లలో ఈ వాసన అరుదు, ఎందుకంటే డీజిలు ఇంజనులో గాలి ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. కొన్ని బీఎస్-6 డీజిలు బండ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టి ఉంచే భాగం, తనలో చేరిన గంధకాన్ని వదిలించుకునేటప్పుడు, అప్పుడప్పుడు ఈ వాసన ఇస్తుంది. అది కొద్ది నిమిషాల్లో ఆగిపోవాలి. ఇకపై చెప్పేదంతా పెట్రోలు బండ్ల గురించే.

పెట్రోలు మీద అనుమానం

ఒక బంకులో పోయించాకే వాసన మొదలైతే, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యే దాకా నడిపి, అమ్మకం ఎక్కువగా ఉండే వేరొక బంకులో పోయించి, రెండు ట్యాంకులు అయ్యే దాకా గమనించాలి. కల్తీకి వాడే కిరోసిన్ వంటి వాటిలో గంధకం ఎక్కువ. ఊరి దుకాణాల్లో సీసాల్లో అమ్మే పెట్రోలు ఎప్పుడైనా పోయించి ఉంటే దాన్ని కూడా గుర్తుకు తెచ్చుకోండి. బంకులో వినియోగదారు అడిగితే ఫిల్టరు కాగితంతో పరీక్ష చేసి చూపాలి. కాగితంపై వేసిన పెట్రోలు చుక్క మరక మిగల్చకుండా ఆరిపోవాలి. సాంద్రత కూడా చూపమని అడగవచ్చు. మొహమాటపడవలసిన పని లేదు.

అయితే ఇప్పటి పెట్రోలులో గంధకం ఇంత తక్కువ ఉన్నప్పుడు వారాల తరబడి వచ్చే వాసనకు పెట్రోలే పూర్తి కారణం కావడం నా అనుభవంలో తక్కువ. రెండు ట్యాంకులు మార్చినా వాసన పోకపోతే బంకును వదిలేసి ఇంజను వైపు రావాలి.

మిక్చరు రిచ్ అవుతోందా

దీనికి ఇంట్లోనే దొరికే మొదటి సాక్ష్యాలు మూడు. మైలేజి పడిపోవడం మొదటిది. సైలెన్సరు కొనలో వేలు పెడితే మెత్తని నల్ల మసి అంటడం రెండోది. ఇది ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతే చేయాలి. మూడోది ఇంజను ఆయిలు: డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన రావడం, ఆయిలు మట్టం తగ్గకపోగా పెరగడం. ఈ మూడోది కనిపిస్తే నూనె పలచబడి ఇంజను అరిగిపోతుంది కాబట్టి ఇక ఆలస్యం చేయకూడదు.

నాలుగో సాక్ష్యాన్ని ఎవరూ ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. అదే కాలుష్య ధ్రువీకరణ పరీక్ష. సర్టిఫికెట్ కోసం ఎలాగూ సైలెన్సరులో గొట్టం పెట్టి కొలుస్తారు. ఆ చీటీని అద్దానికి అంటించి మరిచిపోకుండా అంకెలు చదవాలి. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఊరక నడిచే వేగంలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం లోపు, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల వంతుల్లో 200 వంతులు) లోపు ఉండాలి. రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే ఆ సమయానికి మిక్చరు, కన్వర్టరు బాగున్నట్టే. కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ ఉంటే మిక్చరు రిచ్ అయిందనడానికి అది దాదాపు రుజువు. హైడ్రోకార్బన్లు మాత్రమే విపరీతంగా ఉంటే ఏదో ఒక సిలిండరు సరిగా మండటం లేదు, అంటే మిస్సింగ్ ఉందన్నమాట. కొత్త సర్టిఫికెట్‌కు ఇంకా గడువు ఉన్నా సరే, ఇంజను బాగా వేడెక్కాక వెళ్లి ఒకసారి కొలిపించుకోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

స్కానరు అంకెలు ఎలా చదవాలి

స్టీరింగు కింద, బండి లోపాలను చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్టుకు తగిలించి ఫోనులో చూసుకునే చిన్న పరికరాలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. షెడ్డులో స్కానరు పెట్టినా పరవాలేదు, కాని అది చూపే లోపం కోడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పనివ్వకండి. పీ0420 అనే కోడ్ వస్తే కన్వర్టరు పని తగ్గిందని అర్థం. ఎందుకు తగ్గిందో ఆ కోడ్ చెప్పదు. పీ0172 అంటే మిక్చరు రిచ్ అయింది. పీ0300 నుంచి పీ0304 దాకా ఉన్నవి మిస్సింగ్‌కు సంబంధించినవి. పీ0420తో పాటు మిగిలిన వాటిలో ఏది ఉన్నా ముందు దానినే సరిచేయాలి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా కాక మిణుకుమిణుకుమంటే, మండని పెట్రోలు కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతోందని అర్థం. ఆ స్థితిలో కావలి నుంచి నెల్లూరు దాకా నడిపినా చాలు, లోపలి దిమ్మె కరిగిపోవచ్చు.

కోడ్ లేకపోయినా నడుస్తున్న అంకెలు చూడాలి. ముందుగా ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంటు ఉష్ణోగ్రత. మా బండి లోపం ఇక్కడే దొరికింది. మే నెలలో తెల్లవారుజామున, రాత్రంతా కదలని బండిలో ఇగ్నిషన్ ఆన్ చేస్తే స్కానరులో 9 డిగ్రీలు కనిపించింది. మన ఊళ్లలో మే నెలలో ఏ వేళప్పుడూ అంత చల్లగా ఉండదు. ఇంజను చల్లగా ఉందని సెన్సారు అబద్ధం చెబుతుంటే ఇంజనును నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూ, చలికాలపు ఉదయంలో పోసినట్టు పెట్రోలు అదనంగా పోస్తూనే ఉంటుంది. చల్లని ఇంజనులో ఆ అంకె అప్పటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా, వేడెక్కాక చాలా బండ్లలో 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలి. ఎంత దూరం నడిపినా 65, 70 దగ్గరే ఆగిపోతుంటే సెన్సారు కాదు, కూలెంటు దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. దాని ఫలితం కూడా ఇటువంటిదే.

తర్వాత ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టమైన ఇంటేక్ మానిఫోల్డులోని ఒత్తిడి. మన చిన్న కార్లలో చాలా వాటికి దాన్ని కొలిచే మ్యాప్ సెన్సారే ఉంటుంది. ఇంజను స్టార్టు చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడిని చూపాలి. నెల్లూరు, ఒంగోలు సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆ అంకె 100 కిలోపాస్కల్‌కు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. స్టార్టు చేశాక ఊరక నడిచే వేగంలో దాదాపు 25 నుంచి 45 మధ్యకు పడాలి. పడకుండా ఎక్కువ చూపుతుంటే రబ్బరు గొట్టం చిట్లడమో, సెన్సారు మసి పట్టడమో, ఇంజను కుదింపు తగ్గడమో జరిగి, గాలి ఎక్కువ వస్తోందని భ్రమపడిన ఈసీయూ పెట్రోలు పెంచుతోంది.

ఇక ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ తన లెక్క ప్రకారం పోయవలసిన పెట్రోలుకు ఎంత కలుపుతోందో, ఎంత కోస్తోందో శాతంలో చూపే అంకె ఇది. స్వల్పకాలికం, దీర్ఘకాలికం అని రెండుంటాయి. రెండింటినీ కూడితే ప్లస్ పది, మైనస్ పది మధ్య ఉండటం సాధారణం. మైనస్ 15, 20 చూపుతుంటే ఎక్కడి నుంచో అదనపు పెట్రోలు వస్తోంది, ఈసీయూ దాన్ని కోయడానికి ప్రయత్నిస్తోంది. ఇది సూటి కేసు. చిక్కంతా ఇంకొక చోట ఉంది. సైలెన్సరు నల్లగా మసిబారి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండి, ట్రిమ్ మాత్రం ప్లస్ 20 చూపుతుంటే, ఈసీయూ తనంతట తానే పెట్రోలు పెంచుతోందన్నమాట. కన్వర్టరుకు ముందు ఉండి పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సారు తప్పు చెబుతోందో, దానికి ముందు పొగ బయటకు వెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డు గ్యాస్కెట్టు పగిలి బయటి గాలి లోపలికి పీల్చుకుంటోందో చూడాలి. పాత తరహా ఆక్సిజన్ సెన్సారు ఆరోగ్యంగా ఉంటే వేడి ఇంజనులో దాని వోల్టేజి 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంటుంది. కింద 0.1 దగ్గరే పడి ఉంటే, ఎయిర్ ఫిల్టరు పెట్టె దగ్గర రెండు మూడు సెకన్లు కార్బురేటర్ క్లీనరు చల్లి చూడండి. అప్పుడు కూడా పైకి లేవకపోతే ఆ సెన్సారు చచ్చిపోయింది. క్లీనరుకు నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి వేడి పైపుల మీద పడనీయవద్దు. ఇంజను విప్పి బిగించిన తర్వాత ఈ లోపం మొదలై ఉంటే, గ్యాస్కెట్ల దగ్గర పూసిన సిలికాన్ జిగురు ఆవిరి సెన్సారును పాడుచేసి ఉండవచ్చు. సెన్సారుకు హాని చేయని రకం జిగురు వేరుగా దొరుకుతుంది.

అదనపు పెట్రోలు ఎక్కడిది

ట్రిమ్ మైనస్‌లో ఉన్నప్పుడు వెతకవలసిన చోట్లు మూడు. స్పార్కు ప్లగ్గులన్నీ విప్పి వరుసగా పేర్చండి. అన్నీ ఒకే తీరున నల్లగా ఉంటే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిది: సెన్సారు, ఒత్తిడి వంటివి. ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండరులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతోంది, లేదా దాని ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పనిచేయడం లేదు. కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూస్తే మిస్సింగ్ కూడా దానితోపాటు జరిగితే కాయిల్‌దే తప్పు. వేడి ఇంజను ఆపి పావుగంట తర్వాత స్టార్టు చేస్తే మొరాయించి, నల్లపొగ వదిలి లేచే బండిలో ఇంజెక్టరు కారడం తరచుగా కనిపిస్తుంది.

రెండోది పాత బండ్లలో ఇంజను మీదనే ఉండే పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటరు. దాని సన్నని వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే లోపల పెట్రోలు తడి ఉండకూడదు. ఉంటే లోపలి పొర చిరిగింది.

మూడోది పెట్రోలు ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బా నుంచి దాన్ని ఇంజనులోకి పంపే పర్జ్ వాల్వు. చల్లని ఇంజను ఊరక నడుస్తున్నప్పుడు డబ్బా వైపు గొట్టం తీసి వాల్వు నోటికి వేలు ఆనిస్తే పీల్పు ఉండకూడదు. ఉంటే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. ట్యాంకు నింపగానే స్టార్టు కావడానికి ఇబ్బంది పెట్టే బండిలో దీన్ని తప్పక చూడాలి. బంకులో పెట్రోలు పోసే తుపాకీ (నాజిల్) తనంతట తాను ఆగిన తర్వాత కూడా అంకె సరిచేయడానికి అంచుదాకా నింపించుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆ అదనపు పెట్రోలు ఆవిరి డబ్బాలోకి పొర్లి, వాల్వును పాడుచేస్తుంది. మొదటిసారి ఆగగానే చాలనండి.

ఎయిర్ ఫిల్టరు మాట ఇక్కడే చెప్పాలి. చీమకుర్తి గ్రానైటు క్వారీల వైపు తిరిగే బండ్లలో ఫిల్టరు చాలా త్వరగా పూడుకుపోతుంది, దాన్ని మార్చవలసిందే. అయితే ఇంజెక్షన్ బండ్లలో ఈసీయూ లోపలికి వచ్చిన గాలిని కొలిచే పెట్రోలు పోస్తుంది కనుక పూడిన ఫిల్టరు వల్ల పికప్ తగ్గుతుందే గాని, మిక్చరు రిచ్ కావడం తక్కువ. ఫిల్టరు మార్చి వాసన పోతుందని ఆశపెట్టుకోవద్దు. కార్బురేటరు బండి అయితే మాత్రం అదే మొదటి అనుమానం.

చివరకు కన్వర్టరు

పైవన్నీ సరిగా ఉన్నా వాసన ఉంటేనే కన్వర్టరును చూడాలి. అది పనిచేసేటప్పుడు కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటుంది కాబట్టి పూర్తిగా చల్లారిన తర్వాత, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టి, కిందికి వెళ్లాలి. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టితే గలగలమంటే లోపలి దిమ్మె విరిగింది. రాత్రిపూట ఇంజను నడిపి చూసినప్పుడు ఎర్రగా కాలుతూ కనిపిస్తే లోపల పెట్రోలు మండుతోంది, లేదా దారి మూసుకుపోయింది. ఎంత తొక్కినా వేగం పెరగక, నిలిపి యాక్సిలరేటరు ఇచ్చినా ఇంజను గొంతు నొక్కినట్టు అయిపోతే పూడిపోయిందనడానికి అది బలమైన గుర్తు. కన్వర్టరుకు ముందున్న ఆక్సిజన్ సెన్సారును తీసి ఆ రంధ్రంలో గేజి బిగించి, పొగ వెనక్కి తన్నే ఒత్తిడి కొలిస్తే సందేహం తీరుతుంది. కన్వర్టరు తర్వాత ఉన్న రెండో సెన్సారు వోల్టేజి, బాగున్న కన్వర్టరులో, దాదాపు కదలకుండా నిలకడగా ఉంటుంది. మొదటి సెన్సారుతో సమానంగా అదీ ఊగుతుంటే లోపలి పూత పని అయిపోయింది.

మార్చవలసి వస్తే మీ బండి బీఎస్ ప్రమాణానికి తగినదే వేయించండి. పాతదాన్ని షెడ్డులో వదిలేయవద్దు. అందులోని లోహాల కోసమే దాన్ని కొనేవారున్నారు. కోసి ఉత్త పైపు పెట్టించడం మాత్రం చేయవద్దు. వాసన పోయినట్టు కనిపిస్తుంది, కాని విషవాయువులన్నీ శుద్ధి కాకుండా మన వీధిలోకే, పిల్లలు ఆడుకునే చోటికే వస్తాయి. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం కూడా. పైగా మిక్చరు లోపం అలాగే ఉండి ఇంజనును తింటూ ఉంటుంది.

మరమ్మతు అయ్యాక వాసన అదే రోజు పోకపోతే కంగారుపడవద్దు. పూతపై పేరుకున్న గంధకం తొలగాలంటే హైవే మీద 40, 50 కిలోమీటర్లు సమవేగంతో, ఇంజను పూర్తి వేడిలో నడపాలి. అటువంటి ప్రయాణాలు రెండు మూడు చేశాక పోతుంది. కోతల కాలంలో ఆ ప్రయాణాల మధ్య ఎక్కడ ఆగినా రోడ్డు పక్కన పరిచిన ఎండుగడ్డి మీద మాత్రం బండి నిలపవద్దు. వేడిగా ఉన్న కన్వర్టరు కింద గడ్డి అంటుకుంటుంది. వారం గడిచాక మరోసారి కాలుష్య పరీక్ష చేయించి, పాత చీటీ పక్కన కొత్తది పెట్టి కార్బన్ మోనాక్సైడ్ అంకె పోల్చి చూడండి. స్కానరులో దీర్ఘకాలిక ట్రిమ్ ప్లస్ పది, మైనస్ పది మధ్యకు వచ్చి నిలబడిందో లేదో కూడా అదే రోజు చూసి, రెండు అంకెలనూ ఆ చిన్న పుస్తకంలోనే తేదీతో రాసి పెట్టుకోండి.